తప్పు పోగుదైతే తిట్టు మనిషికా?

సూరత్ ఉధ్నాలో రాత్రీ పగలూ సాంచాలు (మరమగ్గాలు) ఆడుతూనే ఉంటాయి. పోగు తెగడం, పువ్వు చెదరడం అక్కడ రోజూ ఉండేదే. ఆ తప్పును ఎవరు, ఎప్పుడు, ఎలా చూపించారన్నదాని మీదే గుడ్డ నాణ్యత, దాన్ని నేసే మనిషి మనుగడ ఆధారపడతాయి. నేత పనివాళ్ల లోకం నుంచి మనందరికీ పనికొచ్చే సంగతులివి.

సాంచాల కార్ఖానాలోకి అడుగుపెడితే ముందు పోయేది మాట. వరసగా నిలబెట్టిన మరమగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే చెవిలో చెప్పినా వినపడదు. అందుకే అక్కడ ఎవరి పనిలోనైనా లోపం కనిపిస్తే చెప్పడానికి దారులు రెండే. ఉన్నచోటే నిలబడి గొంతు చించుకుని అరవడం ఒకటి. నాలుగడుగులు వేసి మగ్గం దగ్గరికెళ్లి, భుజం తట్టి, గుడ్డ మీద వేలు పెట్టి చూపించడం రెండోది. అరిస్తే ఎదుటివాడికి అందేది కోపం ఒక్కటే. ఎక్కడ ఏం పోయిందో తెలియదు. వేలు పెట్టి చూపిస్తే ఒక్క మాట లేకుండానే విషయమంతా అర్థమవుతుంది.

పనిలో తప్పును దయగా చెప్పాలంటే చాలామంది పెదవి విరుస్తారు. ‘మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు’ అన్నది మేస్త్రీల నుంచి మేనేజర్ల దాకా అందరి నోటా వినిపించే మాటే. నేత పని తెలిసినవాళ్లను అడిగితే లెక్క వేరేగా ఉంటుంది. దయ లేని చోట తప్పులు తగ్గవు, దాక్కుంటాయి. దాక్కున్న తప్పు మీటర్ల కొద్దీ పెరుగుతుంది.

ఉధ్నాలో మనవాళ్లు

సూరత్ నగరానికి దక్షిణ దిక్కున ఉంటుంది ఉధ్నా. ముంబై-అహ్మదాబాద్ రైలు మార్గం నుంచి జల్గావ్ వైపు లైను చీలే జంక్షన్ ఇదే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాల్లోనే ఇక్కడ ఉద్యోగ్‌నగర్ పేరుతో పారిశ్రామికవాడ వెలిసింది. ఆ తర్వాత పాండేసరా, సచిన్ పారిశ్రామికవాడలూ వచ్చి నగరం దక్షిణ భాగమంతా మరమగ్గాలు, రంగుల మిల్లులు, ఎంబ్రాయిడరీ యూనిట్లతో నిండిపోయింది. మన ఊళ్లలో పెళ్లికి పెట్టుబడి చీరలు కొన్నా, పండక్కి తక్కువ ధరలో సింథటిక్ చీర కొన్నా అందులో చాలాభాగం సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్ల మీదుగా వచ్చిందే.

ఆ నగరంలో తెలుగు కొత్త కాదు. వరంగల్, నల్గొండ, కరీంనగర్ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు తరాల కిందటే బతుకుదెరువు కోసం షోలాపూర్, భివండీ, సూరత్ దారి పట్టాయి. సూరత్‌లో ఉధ్నా, లింబాయత్, డిండోలి వైపు వెళ్తే తెలుగు మాట చెవిన పడుతుంది. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. మగ్గం నడిపినవాళ్లున్నారు, మగ్గాలు కొని యజమానులైనవాళ్లున్నారు, పడుగు చుట్టిన బీములు ఎక్కించే పనిలో, గుడ్డ చెకింగ్‌లో, డిజైన్ పనిలో స్థిరపడినవాళ్లూ ఉన్నారు. ఇళ్ల దగ్గర ఆడవాళ్లు చీరలకు రాళ్లు అంటిస్తారు, ఎంబ్రాయిడరీ వెనకాల వేలాడే దారాలు కత్తిరిస్తారు. ఇంతమంది చేతులు దాటితే గానీ ఒక చీర దుకాణానికి చేరదు. వీళ్లలో ఏ చెయ్యి తప్పినా, చివర్లో ఉన్న చేతికే మాట పడుతుంది.

గుడ్డే చెబుతుంది

మగ్గం దిగిన గుడ్డను సూరత్‌లో తాకా అంటారు. వంద మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. రంగు పడని ఆ గ్రే గుడ్డను చెకింగ్ బల్ల మీద వెలుతురులో పరుచుకుంటూ లాగుతారు. అలవాటైన కన్ను లోపాన్ని ఇట్టే పట్టేస్తుంది. లోపం కనిపించగానే అది చేసినవాడు దొరికినట్టేనా? అక్కడే ఉంది చిక్కు.

గుడ్డ మీద నిలువు గీత కనిపిస్తే పడుగు వైపు చూడాలి. ఒక పోగు తెగింది, మగ్గం నడిపే మనిషి చూసుకోలేదు. కొంత దూరం పోయాక చూసి అతికాడు. గీత అక్కడితో ఆగిపోతుంది. అదే గీత ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకేచోట ఉందనుకోండి, కథ మారుతుంది. దువ్వెనలా ఉండే పన్నెలో ఒక పన్ను వంగి ఉండొచ్చు, బీము ఎక్కించేటప్పుడే ఒక పోగు తప్పు సందులోకి వెళ్లి ఉండొచ్చు. అది ఈ షిఫ్టు మనిషి పని మొదలుపెట్టక ముందే జరిగిపోయిన పొరపాటు. అడ్డంగా సన్నని పట్టీ కనిపిస్తే పేక తప్పినట్టు, లేదా ఆగిన మగ్గాన్ని మళ్లీ నడిపినప్పుడు పడిన గుర్తు. నూనె మరకైతే యంత్రం మరమ్మతు అడుగుతోందన్నమాట.

ఇక డిజైన్‌లో మామిడి పిందె కొన ప్రతిసారీ ఒకే దగ్గర వంకరపోతే, నేసినవాడిని అడిగి లాభం లేదు. తప్పు నమూనాలోనే ఉంది.

అంటే ‘ఎవడు చేశాడు?’ అని అడిగే ముందు ‘ఏ వైపు నుంచి వచ్చింది?’ అని అడగాలి. చూడకుండా తిట్టే మేస్త్రీ చాలాసార్లు తప్పు చేయని మనిషినే తిడతాడు. నిజమైన కారణం మాత్రం మగ్గంలోనో పన్నెలోనో భద్రంగా ఉండి రేపటి తాకానూ పాడుచేస్తుంది. ఈ పనిలో దయకు మొదటి అర్థం ఓపిగ్గా చూడటం.

అట్ట మీద ఒక చిల్లు

చేనేత ఊళ్లలో ‘అట్టలు కొట్టడం’ అందరికీ తెలిసిన మాట. జకార్డు మగ్గానికి నమూనా చెప్పేవి ఆ అట్టలే. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో తీర్చిదిద్దిన పద్ధతి ఇది. డిజైన్‌ను ముందు గళ్ల కాగితం మీద గీస్తారు. ఒక్కో గడి ఒక పడుగు, ఒక పేక కలిసే చోటు. దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొడతారు. చిల్లు ఉన్నచోట కొక్కెం పైకి లేచి పోగును ఎత్తుతుంది, లేనిచోట పోగు కిందే ఉంటుంది. ఒక్క చిల్లు పక్కకు పడితే చాలు, అట్టల దండ తిరిగినప్పుడల్లా అదే తప్పు గుడ్డ మీద దిగుతుంది. ఇప్పుడు చాలాచోట్ల అట్టల స్థానంలో కంప్యూటర్ ఫైలు వచ్చింది. తప్పు తీరు మాత్రం మారలేదు. ఎంబ్రాయిడరీ యూనిట్లలోనైతే ఇంకా వేగం. వరసగా ఉన్న సూదులన్నీ ఒకే ఫైలు ప్రకారం కుడతాయి కాబట్టి ఒక్క పొరపాటు ఒకేసారి ఎన్నో చోట్ల అచ్చవుతుంది.

గమనించాల్సింది ఇంకొకటుంది. నమూనాలో తప్పును మొదట పసిగట్టేది డిజైన్ గీసినవారు కాదు. గంటల తరబడి ఆ గుడ్డ ముందు నిలబడే మనిషి. జీతంలో, హోదాలో అందరికన్నా కింద ఉండేదీ ఆ మనిషే. అతను నోరు తెరిచి ‘మాస్టర్ సాబ్, ఈ పిందె కొన ప్రతిసారి ఒక పోగు అవతలికి పోతున్నది, జర అట్ట సూస్తరా?’ అనగలగాలి. అందుకు వచ్చే జవాబు ‘నాకే చెప్తవా?’ అయితే, రెండోసారి అతను చెప్పడు. మాస్టారి పరువు నిలబడుతుంది, గుడ్డ మాత్రం సెకండ్స్ (రెండో రకం) కింద పోతుంది.

కాబట్టి దయ పైనుంచి కిందికి జారే సౌకర్యం కాదు. చిన్నవాడు పెద్దవాడికి చెప్పేటప్పుడు మర్యాద ఎంత అవసరమో, పెద్దవాడు వినేటప్పుడు ఆ మర్యాద అంతకు రెట్టింపు అవసరం.

భయం ఖరీదు

సూరత్ మరమగ్గాల్లో కూలి ఎక్కువగా మీటర్ల లెక్కన. షిఫ్టు 12 గంటలు. ఒక్కొక్కరు అరడజనుకు పైగా మగ్గాలు చూసుకోవాలి. పాత రకం మగ్గాల్లో చాలావాటికి పడుగు పోగు తెగితే తెలిసేది పనివాడి కన్నుతోనే. ఒక మగ్గం దగ్గర తెగిన పోగు వెతికి, కొస పట్టుకుని, పోగును ఎత్తే తీగ కంటిలోంచి, పన్నె సందులోంచి లాగి ముడి వేసేలోపు మరో మగ్గంలో ఇంకో పోగు తెగొచ్చు. మగ్గం ఆపితే మీటర్లు పోతాయి, ఆపకపోతే గుడ్డ పోతుంది. ఈ రెంటి మధ్య క్షణంలో తేల్చుకోవాలి. డ్యామేజ్ కింద కూలి కోస్తారన్న భయం, నలుగురిలో మాట పడాలన్న భయం కూడా కలిస్తే మనిషి ఏం చేస్తాడు? తప్పు కనపడకుండా మడత పెట్టి పంపిస్తాడు. అది రంగుల మిల్లు దాకా వెళ్లి అక్కడ బయటపడుతుంది. అప్పటికి ఖర్చు పెరిగిపోతుంది.

ఇది నేతకే పరిమితం కాదు. హార్వర్డ్‌లో పనిచేసే ఆమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. బాగా కలిసి పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకున్నారు. లెక్కల్లో మాత్రం వాళ్లవే ఎక్కువ కనిపించాయి! తరచి చూస్తే తెలిసింది, మంచి బృందాల్లో తప్పు జరిగితే చెప్పడానికి జంకరు. భయపడే చోట చెప్పరు, అందుకే కాగితం మీద తక్కువ. ఇలా భయం లేకుండా మాట్లాడగలగడం గురించి 1999లో ఆమె రాసిన పరిశోధన వ్యాసం ప్రపంచమంతా చర్చకు వచ్చింది. మన కార్ఖానా భాషలో చెప్పాలంటే, ‘మా దగ్గర డ్యామేజే రాదు’ అని ఒక సూపర్‌వైజర్ గొప్పలు పోతే, అక్కడ గుడ్డ కన్నా ముందు మనుషుల మొహాలు చూడాలి.

కూలి కోసే ముందు అడగాలని చట్టం కూడా ఎప్పుడో చెప్పింది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ప్రకారం సరుకు పాడైందని కూలి కోయాలంటే ముందు ఆ పనివాడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కోత జరిగిన నష్టాన్ని మించకూడదు. ఆ చట్టం స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఈ నియమం కొనసాగింది. అడగకుండా కోసే అధికారం ఎవరికీ లేదన్నమాట.

మగ్గమే నేర్పిన మర్యాద

తప్పును ఎలా చూపించాలో ప్రపంచానికి నేర్పిన ఒక మగ్గం ఉంది. జపాన్‌లో సకిచి టొయోడా అనే వడ్రంగి కొడుకు, ఊళ్లో ఆడవాళ్లు మగ్గం మీద పడే శ్రమ చూసి దాన్ని తేలిక చేసే పనిలో పడ్డారు. 1890లో చెక్క చేమగ్గం చేశారు. ఏళ్ల తరబడి మార్పులు చేస్తూ 1924లో కొడుకు కీచిరోతో కలిసి పూర్తి స్వయంచాలక మగ్గం తయారుచేశారు. దారం తెగిన మరుక్షణం అది తనంతట తానే ఆగిపోతుంది. తిట్టదు, వెక్కిరించదు, ఎవరి పేరూ చెప్పదు. ‘ఇక్కడ చూడండి’ అన్నట్టు నిలబడిపోతుంది. ఆ మగ్గం పేటెంట్ హక్కుల్ని 1929లో ఇంగ్లండ్‌కు చెందిన ప్లాట్ బ్రదర్స్ కొన్నది. తర్వాత ఆ కుటుంబం పెట్టిన కార్ల కంపెనీ టొయోటాలోనూ అదే సూత్రం. లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగి లైను ఆపొచ్చు. ఆపినవాడిని నేరస్తుడిలా చూడరు, ముందు సాయానికి వెళ్తారు.

ఉధ్నా చుట్టుపక్కల కొత్తగా దిగుతున్న రేపియర్ మగ్గాలూ దారం తెగితే ఆగి దీపం వెలిగిస్తాయి. యంత్రానికి నేర్పిన ఈ మర్యాద మనుషులకు మాత్రం అలవాటు కావాల్సి ఉంది.

మన దగ్గరా ఇలాంటి కథ ఉంది. పోచంపల్లి రకం చీరలకు ఆసు పోయడమంటే, నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ ఒక్క చీరకు తొమ్మిది వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. ఉమ్మడి నల్గొండ జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఈ పనితో భుజం నొప్పి పడేది. ‘చేతకాకపోతే మానెయ్’ అనే మాట అనడం చాలా తేలిక. ఆయన లోపాన్ని పనిముట్టులో వెతికారు. ఏళ్లు శ్రమించి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మనిషి మీద వేయాల్సిన నింద పనిముట్టు మీదికి మళ్లితే ఒక ఆవిష్కరణ పుట్టింది.

సేఠ్‌ది ఒక భాష, కారీగర్‌ది ఒకటి

ఉధ్నా కార్ఖానాల్లో యజమాని (సేఠ్) గుజరాతీ కావచ్చు, మగ్గాలు బాగుచేసే మేస్త్రీ తెలుగువాడు, నడిపేవాడు (కారీగర్) ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చినవాడు. ముగ్గురూ మాట్లాడుకునేది హిందీలో. ముగ్గురికీ అది ఇంటి భాష కాదు. ఇంటి భాషలోనైతే తిట్టు వెనక చనువు ఉందో కసి ఉందో తెలిసిపోతుంది. అన్నా, తమ్మీ, కాకా అనే పిలుపుతో సగం కోపం కరుగుతుంది. అరువు భాషలో ఆ కుషన్ ఉండదు. ‘దిఖ్తా నహీ క్యా?’ (కనపడట్లేదా?) అన్న మూడు ముక్కలు ఎక్కడ తగలాలో అక్కడ తగులుతాయి. అందుకే అనుభవమున్న మేస్త్రీలు నోటికన్నా వేలిని నమ్ముతారు. ముందు మగ్గం ఆపుతారు. గుడ్డ వెనక్కి తిప్పి, తెగిన చోట సుద్దతో గుర్తు పెడతారు. కొస తామే పట్టుకుని ఒకసారి ముడివేసి చూపిస్తారు. రెండో ముడి అవతలి మనిషితో వేయిస్తారు. నిమిషం పట్టదు. ఆ నిమిషంలో నేర్పడం, దిద్దడం, గౌరవించడం మూడూ అయిపోతాయి.

చీర కాలిస్తే తప్పు కాలుతుందా?

కొనేవాళ్లం మనం కూడా ఈ కథలో ఉన్నాం. 2017లో తెలంగాణ ప్రభుత్వం తొలిసారి బతుకమ్మ చీరలు పంచింది. కోటికి పైగా చీరలు కావాలి. సిరిసిల్లకు ఇచ్చిన గడువు చాలక దాదాపు సగం సూరత్ నుంచి తెప్పించారు. పంపిణీ మొదలైన సెప్టెంబరులోనే నాసిరకమంటూ కొన్నిచోట్ల మహిళలు చీరలకు నిప్పు పెట్టారు. బాగాలేదని చెప్పే హక్కు వాళ్లకుంది, పండగ చీర మీద ఆశ పెట్టుకున్నవాళ్ల నిరాశా నిజమే. కానీ మంటకు తేడాలు తెలియవు. దారం నాణ్యత తక్కువా? నేత పలచనా? రంగు దిగిందా? తక్కువ ధరకు, తక్కువ గడువులో చేయించడమే పొరపాటా? కాలిన చీర ఈ ప్రశ్నల్లో దేనికీ జవాబివ్వదు. టీవీలో ఆ మంటలు చూసిన నేతన్న మాత్రం కుమిలిపోతాడు. తర్వాతి ఏళ్లలో ఆ ఆర్డరు సిరిసిల్లకు వెళ్లింది, రంగులూ డిజైన్లూ పెరిగాయి. చీరను మెరుగుపరచింది అడిగి తెలుసుకున్న అభిప్రాయాలు, ముందుగా ఇచ్చిన గడువు.

లోపం కానిదాన్ని లోపమనడం మరో రకం. ఇక్కత్ చీరలో పువ్వు అంచు కాస్త చెదిరినట్టు ఉంటుంది. దారానికి ముందే చిటికి కట్టి రంగు అద్ది, ఆ తర్వాత నేస్తారు కాబట్టి ఆ మసక సహజం. చేతి పని అని గుర్తుపట్టేదీ దానితోనే. దుకాణంలో ‘ఇదేంటి, ప్రింటు జరిగింది’ అని విసుక్కునే ముందు ‘ఇది ఇలాగే ఉంటుందా?’ అని అడిగితే మనకే ఓ కొత్త సంగతి తెలుస్తుంది.

చెప్పే తీరు ఇదీ...

• ముందు చూడండి: నిలువు గీతా, అడ్డ పట్టీయా, మళ్లీ మళ్లీ వస్తోందా? కారణం తెలియకుండా ఎవరి పేరూ ఎత్తొద్దు.

• వెంటనే చెప్పండి: మొదటి మీటరులో చెబితే సాయం. తాకా దిగాక చెబితే తీర్పు. మొహమాటంతో ఊరుకోవడం దయ అనిపించుకోదు, అవతలివాడి కూలిని ముంచుతుంది.

• విడిగా చెప్పండి: తప్పు ఒకరిదైతే పదిమంది వినాల్సిన పనిలేదు. అందరికీ పనికొచ్చే పాఠమైతే పేరు లేకుండా చెప్పండి.

• చోటు చూపించండి: ‘నీ పనే ఇంత’ అంటే దిద్దుకోవడానికి ఏమీ లేదు. ‘ఈడ, ఈ పోగు’ అంటే చేతికి పని దొరుకుతుంది.

• దిద్దే దారి చెప్పండి: చేసి చూపించగలిగితే ఇంకా మంచిది.

• అడగండి: నమూనాలోనో, పన్నెలోనో తప్పుందని అవతలి మనిషికి ముందే తెలిసి ఉండొచ్చు.

నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. అయితే, చెప్పేవాడికి వినేవాడు లోకువన్న సామెతా మనదే. ఉధ్నా కార్ఖానా అయినా, సిరిసిల్ల సాంచా అయినా, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కోడ్ సరిచూసే గది అయినా, పిల్లాడి లెక్కల పుస్తకం దిద్దే వంటింటి బల్ల అయినా ఈ రెండు సామెతల్లో ఏది నడుస్తుందో అక్కడి పని నాణ్యత అలాగే ఉంటుంది. నాణ్యత కావాలనుకునే యజమానికి దయ అనేది దానధర్మం కింద రాసుకునే ఖర్చు కాదు, డ్యామేజ్ తగ్గించే అతి చవకైన పద్ధతి.

ఈ వారం మీరు చీర కొన్నా, బ్లౌజు కుట్టించినా, మీ కింద పనిచేసేవారి ఫైలు చూసినా లోపం కనబడితే తప్పకుండా చెప్పండి. ఊరుకోవద్దు. చెప్పేముందు మాత్రం ఒక్కసారి దగ్గరికెళ్లి చూడండి, ఏ పోగు తెగిందో అడగండి, ఆపైన మాట్లాడండి.